బండల మడుగులో ఒక్క నిమిషం

బావా,

ఎలా ఉన్నావని అడగడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు పోయి పది నెలలయింది. నువ్వు పోయిన నెలకే రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు తరలిపోయింది. జనం ఆ మాటల్లో పడి నిన్ను మరిచారు. నాకు అదే మేలనిపించింది... ఎందుకో చెబుతాను.

ముందు మా అక్క సంగతి. నీ కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసింది. మిషను దారం మాత్రం నాలుగు పేటలు పేని, మైనం రుద్ది, నువ్వు కట్టినట్టే గాలం కట్టుకుంది. ఆదివారం ప్రార్థన కాగానే కోయిలకుంట్ల నుంచి నడిచి, కుందూ ఏట్లో బండల మడుగుకు పోతోంది. నువ్వు కూర్చున్న బండ మీదే కూర్చుంటోంది. నిన్ను పొట్టనబెట్టుకున్న వాలుగ చేపను కళ్లారా చూడాలట. మొదట్లో ఊరు నవ్వింది. ఇప్పుడు దారిలో ఎదురైతే పక్కకు తప్పుకుంటున్నారు.

చేప దొరకదు. కప్పను గుచ్చి వేస్తే, పైకి తీసేసరికి కొక్కెం శుభ్రంగా ఉంటుంది... అడుగున ఏముంది బావా?

పోయిన ఆదివారం ఆళ్లగడ్డ నుంచి నేనూ వెళ్లాను. ఎండ చురుక్కుమంటోంది. మబ్బు తునక లేదు. ఉన్నట్టుండి కొంగలన్నీ లేచిపోయాయి. పచ్చటి నీళ్లలోకి బురద చార ఒకటి దిగింది. నువ్వు చెప్పేవాడివి కదా, "పైన నంద్యాల దిక్కు వాన కురిస్తే ఈడ ఎండలోనే ఏరొస్తాది. నీళ్లు రంగు మారినాయంటే గాలం ఆడనే ఇడిసి గట్టెక్కాల రా. చేప యాడికీ పోదు" అని.

లేవమన్నాను. సరిగ్గా అప్పుడే దారం లాగింది. అక్క తల తిప్పకుండా ఒక్క నిమిషం ఆగమంది.

ఆ రోజు నేను నిన్ను అడిగిందీ అదే కదా... నువ్వు లేచావు. చేప లాగుతున్న గాలం నా చేతిలో ఉంది. ఆగమన్నాను, ఆగావు. వరద తాకినప్పుడు నన్ను గట్టు మీదికి తోశావు. నీకు పట్టు దొరకలేదు. ఊళ్లో నేనేం చెప్పాను? చేప మీద ఆశతో నువ్వే లేవలేదన్నాను.

దారం అక్క మణికట్టుకు చుట్టి ఉంది. పళ్లతో కొరికి తెంపాను. రెక్క పట్టి గట్టు మీదికి ఈడ్చాను. వెనక్కి తిరిగేసరికి బండ లేదు. నీళ్లే.

తడిసిన చీరతో అక్క అక్కడే కూలబడింది. అప్పుడు చెప్పేశాను, జరిగింది జరిగినట్టు. ఏడవలేదు. తిట్టలేదు. నా నోటి వంకే చూసి, లేచి ఇంటికి నడిచింది.

నిన్న బస్సులో వచ్చిన మనిషితో కబురు పంపింది. ఏట్లో వరద తీసిందట. ఆదివారం రమ్మంది. ఈసారి రెండు గాలాలు కట్టిందట, ఒకటి నాకు.

క్షమించిందా బావా? లేక...

రేపే ఆదివారం. ఈ సాయంత్రం నల్లమల మీద మబ్బు పట్టింది.

వెళ్తాను. ఏ బండ చూపిస్తే ఆ బండ మీద కూర్చుంటాను. అక్క గట్టెక్కేదాకా నేను ఎక్కను. ఇది నీకిస్తున్న మాట.

నీ బావమరిది
దేవదానం