చచ్చిపోయిన హీరో మళ్ళీ వచ్చాడు

బరంపురం, మంగళవారం

సూపర్‌హీరోల జట్టు కామిక్ కొత్త సంచిక పొద్దున స్టేషన్‌లో కొన్నాను. ఛత్రపూర్ ఆఫీసుకు వెళ్ళే రైల్లో బావా నేనూ పన్నెండేళ్ళుగా దాన్ని కలిసే చదువుతున్నాం. నాకు ఈమధ్య విసుగ్గానే ఉంది, బావ కోసం కొంటున్నాను. పోయిన నెల చచ్చిపోయిన జట్టు నాయకుడు ఈసారి బతికొచ్చాడు. బావ రెండు పేజీలు చూసి పుస్తకం నా చేతికిచ్చేశాడు.

"ఏటి బావా, బాగోలేదా?"

"ఇంక కొనకురా. సచ్చినోల్లందరూ తిరిగొచ్చెత్తన్నారు. సదవబుద్ధి కావట్నేదు."

అక్క పోయి ఇంకా ఏడాది కాలేదు. నాకా సంగతి తట్టనే లేదు. పుస్తకం సంచిలో పెట్టేశాను. కాసేపటికి బావే నవ్వాడు.

"పిల్లల పుస్తకాలని మనల్ని ఎక్కిరించేది గానీ, నేను పడుకున్నాక మీ అక్క కూడా సదివీసేది. తెల్సా నీకు?"

నాకు తెలియదు. అక్క పోయాక బావ ఆవిడ మాట ఎత్తడం ఇదే మొదలు. ఛత్రపూర్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. కామిక్ ఇంక కొనను. అక్కకి అందులో ఏ హీరో ఇష్టమో మాత్రం రేపు బావను అడగాలి.