కేసు షీటులో ఉదయం ఏడు గంటలు

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,
మూడో నంబరు మంచం పేషెంటు భర్త, ఫ్యాక్టరీ హాజరు గుమాస్తా వ్రాసుకొను అర్జీ.

విషయం: నా భార్య కేసు షీటులో నర్సు వ్రాసిన టైమును దిద్దించుట గురించి.

అయ్యా,

1. నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు, పక్షవాతం వచ్చిన నా భార్యను తమ అత్యవసర విభాగమునకు తీసుకొనివచ్చితిని. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయినవి. సదరు నర్సు నాకు కుర్చీ అయినా చూపక, ఆమెను చివరిసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారని అడిగినది. అరగంట క్రితం అంటిని. మెదడులో రక్తపు గడ్డ కరిగించు ఇంజెక్షను సిద్ధమైనది.

2. అంతట సదరు నర్సు నా భార్య మెడ దగ్గరి బట్ట పట్టి చూచి, డాక్టరు గారిని ఆపి, నలుగురిలో నన్ను నిలదీసినది. "కాఫీ ఒలికి అట్టకట్టింది. అరగంటలో ఇలా ఎండదండీ. నాలుగున్నర గంటలు దాటాక ఈ మందిస్తే మెదడులో రక్తం కారి ప్రాణమే పోవచ్చు. నిజం చెప్పండి." అయ్యా, ఆలస్యంగా వచ్చినవారి పేర్ల కింద ఇరవై ఏడేళ్ళుగా ఎర్రగీత గీయుచున్నవాడను. ఇంతవరకు టైము విషయమై నన్ను అడిగినవారు లేరు.

3. ఏడు గంటలకని ఒప్పుకొనవలసి వచ్చినది. ఇంజెక్షను వెనక్కి పోయినది. వాస్తవమేమనగా, ముందురోజు మా ఇద్దరికీ మాటామాటా వచ్చినది. పొద్దున ఏడింటికి ఆమె కాఫీ కప్పు జారవిడిచి, కూలబడి, ముద్దగా ఏదో అన్నది. బెట్టు చేయుచున్నదనుకొంటిని. ఏ మొగుడైనా అదే అనుకొనును. నోరు పడిపోయిందా అని కసిరి, ముక్కలు తనే ఎత్తుకొనునులే అని డ్యూటీకి పోయితిని. ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. భోజనమునకు వచ్చుసరికి ముక్కలు అక్కడే ఉన్నవి. ఆమె కూడా అక్కడే ఉన్నది.

4. సదరు నర్సు ఆమెను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుచు, మింగగలదో లేదో చెంచా నీళ్ళతో చూచుచున్నది. పనిలో లోపమేమీ లేదు. టైము దగ్గరే మొండిది.

కావున రేపు మా అమ్మాయి వచ్చి షీటు చదవక మునుపే, 'ఉదయం ఏడు' కొట్టివేయించి 'తెలియదు' అని వ్రాయించుటకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మూడో నంబరు మంచం ఆమె భర్త

తా.క.: ఆ నర్సును నేనే బతిమాలి చూశాను. "నేను దిద్దినా ఆవిడకి తెలుసు కదండీ" అంది. దానికి మాట రాదుగా అన్నాను. ఇవాళ్టి నుంచే మాటలు నేర్పిస్తామంది. అన్నట్టే పొద్దున అరగంట దగ్గర కూర్చుంది. మా ఆవిడ నా వైపే చూస్తూ, చాలాసేపు కష్టపడి, "కప్పు" అంది. అయ్యా, మా అమ్మాయికి నేనంటే ప్రాణం. అది వచ్చి వెళ్ళేదాకా ఆ మాటలు నేర్పడం ఒక్కటి ఆపించండి.