రుపెర్ట్ చెయ్యి పట్టిన చోటు

అక్టోబర్ 3

వాన. అయినా రైఫిల్ తీశాను. వేటకి బయలుదేరుతుంటే గుమ్మంలోనే మరిది ఆంబ్రోస్ ఎదురయ్యాడు. ఈ తడిలో ఆ అక్రోటు చెక్క రైఫిల్ని బయటికి తీస్తావా వదినా, మతిగానీ పోయిందా, ప్లాస్టిక్ మడమ ఉన్న తుపాకీ నేనిస్తాగా, దాన్ని ఎంత బురదలో పొర్లించుకుంటావో పొర్లించుకో అన్నాడు. ప్లాస్టిక్ తుపాకీలు చిన్నపిల్లలకి కొనిపెట్టు నాయనా అన్నాను.

ఆ రైఫిల్ చెక్క మా మామగారు చెక్కింది. తుపాకీ చెక్కపనిలో ఆయన్ని మించినవాడు ఈ లోయలో పుట్టలేదని ఇప్పటికీ అంటారు. పెద్దకొడుకు రుపెర్ట్ పెళ్ళికి కానుకగా ఇచ్చారు. ఆ పెళ్ళికూతురిని నేనే. రుపెర్ట్ దాన్ని ముప్పై ఏళ్ళు మంచులో, వానలో, రాళ్ళ మీద మోశాడు. కుడిచెయ్యి పట్టే సన్నటి మెడ దగ్గర, పెళ్ళి ఉంగరం రాసుకుని రాసుకుని చిన్న గాడి పడింది.

ఆయన పోయి మూడేళ్ళు. నా వేలు ఇప్పటికీ ఆ గాడిలో కూర్చుంటుంది. ఇంట్లో ఆయన ఫోటోలు చాలా ఉన్నాయి. వాటిని చూడను.

అక్టోబర్ 4

ఆడ దుప్పి. ఒక్క దెబ్బకే పడింది. వేటలో నా తోడు వాస్టిల్ ఫర్ చెట్టు కొమ్మ విరిచి, చచ్చిన జంతువుకి వేటగాళ్ళు పెట్టే ఆఖరి ముద్దగా దాని నోట్లో పెట్టాడు. ఇంకో రెమ్మని నెత్తుట్లో తాకించి నా టోపీకి గుచ్చుకోమని ఇచ్చాడు.

దిగేటప్పుడు కాలు జారింది. నాకేం కాలేదు. రైఫిల్ మెడ చీలింది, సరిగ్గా గాడి పక్కన. దుప్పికి ఏడవలేదు గానీ దీనికి ఏడ్చాను. వాస్టిల్ అటు తిరిగి పైపు ముట్టించుకున్నాడు. మంచివాడు.

అక్టోబర్ 6

ఆంబ్రోస్ దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది. తండ్రి పని అందుకున్నది అతనొక్కడే మరి. చెప్తే విన్నావా, మా అన్న మోటోడు, వాడికి తగ్గ మోటు పెళ్ళానివి నువ్వు, ఇద్దరూ కలిసి నాన్న చేతిపనిని పొయ్యిలో కట్టె చేసిపెట్టారు అన్నాడు.

చీలిక అతికించు చాలు, ఈ గాడి జోలికి మాత్రం పోకు, ఇది మీ అన్న ఉంగరం అన్నాను. వేలు పెట్టి చూపించాను కూడా. సరే సరే అన్నాడు. ఆ రెండో సరే నాకు నచ్చలేదు.

అక్టోబర్ 15

ఇంకా ఇవ్వలేదు. అడిగితే, చంటిబిడ్డనేం వదిలిపెట్టి వెళ్ళలేదుగా అన్నాడు.

అక్టోబర్ 21, సాయంత్రం

తెచ్చాడు. దుప్పట్లో చుట్టి, పైన ఫర్ రెమ్మ కట్టి, గొప్ప వేటగాడికి ఇచ్చినట్టు రెండు చేతులా అందించాడు. విప్పాను. అద్దంలా మెరుస్తోంది. ఒక్క సొట్ట లేదు, ఒక్క గీత లేదు. గాడి లేదు. మొత్తం ఉప్పుకాగితంతో రుద్దేసి, అవిసె నూనె పట్టించాడు.

చూడు వదినా, నాన్న చెయ్యి మళ్ళీ బయటికొచ్చింది అన్నాడు. మీ అన్న చెయ్యేది అన్నాను. చీలిక అక్కడికే పాకింది, ఏం చెయ్యమంటావ్, ఆ ఒక్కచోటూ వదిలేస్తే గజ్జి పట్టినట్టుండేది, వచ్చేనెల తుపాకుల ప్రదర్శనలో పెడదాం, ఊరంతా నాన్న పేరు చెప్పుకుంటుంది అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు. నాకు ఒళ్ళు మండింది అక్కడే. దొంగైతే తిట్టి ఊరుకునేదాన్ని. ఇతను ప్రేమతో చేశాడు. అతని దగ్గరికి పట్టుకెళ్ళి కొరివితో తల గోక్కున్నది నేనే.

అతను వెళ్ళాక ఆ రెమ్మ విప్పి, గొట్టం మూతిలో పెట్టాను. ఆఖరి ముద్ద.

అక్టోబర్ 22

రుపెర్ట్ ఉంగరం పెట్టెలోంచి తీసి ఆ చోట రుద్దాను. ఒక గీత పడింది. దొంగసంతకంలా ఉంది. సిగ్గేసి ఆపేశాను.

నవంబర్ 2

పోయినవాళ్ళ పండగ. రుపెర్ట్ సమాధి మీద దీపం పెడుతుంటే ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెయ్యి కలిపారు. రైఫిల్ కొత్తదానిలా అయిందటగా బుర్గీ, అదృష్టవంతురాలివమ్మా, అలాంటి మరిది ఎవరికి దొరుకుతాడు అన్నారు. ఆయన్ని పాతిపెట్టిన రోజు కూడా ఇంతమంది చెయ్యి కలపలేదు. ఆంబ్రోస్ పక్కనే నిలబడి, సిగ్గుపడుతూ బూట్లు చూసుకున్నాడు.

వాస్టిల్ ఒక్కడే నా కుడిచెయ్యి వైపు చూశాడు.

నవంబర్ 9, తెల్లవారుజాము

ప్రదర్శన ఇవాళే. రైఫిల్ కోసం ఆంబ్రోస్ తొమ్మిదింటికి వస్తాడు.

వానలో మంచు కలిసి పడుతోంది. అయినా రైఫిల్ తీశాను. రుపెర్ట్ ఉంగరం నా వేలికి వదులు. లోపల దారం చుట్టి బిగించాను.

ఆయనకి ముప్పై ఏళ్ళు పట్టింది. నాకిప్పుడు అరవై రెండు.

బయలుదేరుతున్నాను.