ఎర్రకుచ్చుల దుబ్బు

బుధవారం, మధ్యాహ్నం

చిరంజీవి చెల్లికి,

పెద్దక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ అన్నయ్యా కులాసా. నువ్వూ అలాగే ఉన్నావని నమ్మి రాస్తున్నాను.

ఆసుపత్రి వెనక వాలులో నువ్వు నాటిన నర్సరీ మొక్కలన్నీ మాడిపోయాయని, ఆ రాళ్ళనేలను మన వాకిట్లో ఎర్రకుచ్చుల గడ్డి ఒక్కటే తట్టుకుంటుందని, దుబ్బు చీల్చి పిలకలు పంపమని రాశావు. వానలకల్లా వాలు పచ్చబడకపోతే ఆ తోటపని ఉద్యోగం నీకుండదనీ రాశావు. అది చదివినప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. నువ్వు ఆ గడ్డి తెచ్చిన గుట్టను కంకర కోసం తవ్వేశారు. ఇక మిగిలింది ఈ ఒక్క దుబ్బే. దాని సంగతే చెప్పాలి.

మొదట చెడగొట్టింది నేనే. నీళ్ళు తక్కువ పొయ్యమన్నావు. పోశాను, కానీ నీకోసం ప్రార్థన చేసుకుంటూ పోశాను. ప్రార్థన అయ్యేదాకా గొట్టం పక్కన పెట్టేదాన్ని కాదు. నీ గురించి అడగాల్సినవి ఎక్కువ. దుబ్బు తెగ ఏపుగా పెరిగి, నడుము విరిగినట్టు నాలుగుపక్కలకీ వాలిపోయింది. నడిమధ్య కుళ్ళు వాసన. మీ అన్నయ్య వడ్రంగం గది కిటికీలోంచి చూసి, అక్కా, నీ భక్తికి దేవుడే తట్టుకోలేడు, గడ్డెంత అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వలేదు.

నీళ్ళు మానేశాను. ఆకులు ఎండాయి. చలికి ఎండాయో, నా చేతిలో చచ్చాయో తెలియదు. వంట మధ్యలో లేచి వెళ్ళి చూస్తున్నాను. కళ్ళు మూసుకుంటే దేవుడికి బదులు దుబ్బే కనిపిస్తోంది.

నిన్న పొద్దున రంపం చప్పుడు విని బయటికొచ్చాను. మీ అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని దుబ్బునంతా జానెడు ఎత్తుకి కోసేస్తున్నాడు. ఆ కుచ్చుల నూగు ఎగిరొచ్చి తడి వార్నిషుకి అంటుకుని, ఎవరిదో కొత్త బీరువా పాడైనప్పుడేగా మీ ఇద్దరికీ మాటలు పోయాయి. గడ్డి కావాలో నేను కావాలో తేల్చుకో అని వాడన్నాడు. గడ్డే అని నువ్వు బస్సెక్కావు. ఆ కోపం ఇప్పుడు తీర్చుకున్నాడనుకున్నాను. ఏం పనిరా ఇది అన్నాను. నీకు తెలీదులే అక్కా, లోపలికెళ్ళు అన్నాడు. రంపం తుడుచుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంటున్నాడు. లోపల ఏవో ఈడుస్తున్న చప్పుడు.

మొదళ్ళు తడిమి చూశాను. గరుగ్గా తగిలాయి, అంతే. పచ్చదనం ఎక్కడా లేదు. పిలకల మీద ఆశ పెట్టుకోకు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. రాయకపోతే నువ్వు ఎదురుచూస్తూ కూర్చుంటావు. ఇంకో దారి వెతుక్కో తల్లీ. వాడి మీద మాత్రం కోపం పెంచుకోకు. ఆ పని నేను చేస్తున్నాను, ఇద్దరం అక్కర్లేదు.

నీ క్షేమం కోరే
పెద్దక్క

తా.క. గురువారం, పొద్దున.

కవరు అంటించబోతుంటే మీ అన్నయ్య వచ్చాడు, చేతులనిండా మట్టి. పోస్టులో ఎప్పటికి చేరుతుంది, ఇటివ్వు నేనే పట్టుకెళ్తాను అన్నాడు. నీ ఉత్తరం నేను చదివి వినిపిస్తే గోడవైపు చూస్తూ కూర్చున్నవాడు, అంతా విన్నాడన్నమాట. చలి పోతుండగా ఎండుగడ్డి కోసేస్తేనే మొదట్లోకి వెలుగు వెళ్ళి చిగురేస్తుందట. ఏటా నువ్వు కోస్తుంటే కిటికీలోంచి చూసేవాడట. ఈ పొద్దున నేను ప్రార్థనలో ఉండగా తవ్వి, నడిమి కుళ్ళు తీసేసి, అంచున బతికున్న వేళ్ళను విడివిడిగా చీల్చాడు. ఒక పిలకను వాకిట్లోనే మళ్ళీ నాటాడు. కిటికీ దగ్గరి వార్నిషు బల్లను నిన్ననే వెనక గదికి ఈడ్చుకున్నాడు. మొన్ననే చెప్పొచ్చుగా అంటే, బతికుందో లేదో తెలీకుండా ఏం చెప్పమంటావు అని నామీదే విసుక్కున్నాడు.

పైన రాసింది కొట్టెయ్యడానికి కూడా వ్యవధి లేదు, బస్సుకి తొందరపెడుతున్నాడు. ఈ ఉత్తరం ఆసుపత్రి కాపలాదారు చేతికిచ్చి, మీ అన్నయ్య పిలకలున్న తడి గోనెసంచితో గేటు బయటే నిలబడతాడు. నువ్వు పిలిస్తేగానీ లోపలికి రాడు. పిలవకపోతే సంచి అక్కడ పెట్టేసి వచ్చేస్తాడు. వెళ్ళు. ఉత్తరం తర్వాత మళ్ళీ చదువుకోవచ్చు.