అండా మీద చెయ్యి

1964 ఆగస్టు 3, సోమవారం

ఈ డైరీ తెలుగులోనే రాస్తాను. ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే కానీ, ఈ అరవ ఊళ్ళో అది చదవడం మా నాన్న నాకొక్కదానికే నేర్పాడు. మా ఆయన గోవిందరాజన్‌కి అరవం తప్ప అక్షరం రాదు. కాబట్టి దీనికి తాళం అక్కర్లేదు.

ఈరోజు మునిసిపల్ హెల్త్ కమిటీ తరఫున జిగురు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళాం. కౌన్సిలర్‌నయ్యాక నాకిదే మొదటిది. ఎముకలు ఉడికించి జిగురు తీసే చోటు. కంపు భరించలేకపోతున్నామని వెనకాల లైను ఇళ్ళవాళ్ళు ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటున్నారు. ఓనరు బాలసుబ్రమణియన్ ఇప్పుడు ఆవిరిని సున్నపు నీళ్ళ తొట్టిలోంచి పంపి, పొడుగాటి గొట్టంలో పైకి వదిలే ఏర్పాటు చేశాడు. అది పనిచేస్తోందని మేం చెబితే కౌన్సిల్ లైసెన్సు ఇస్తుంది.

గేటు దగ్గర పెళ్ళివారికి చేసినట్టే చేశారు. పన్నీరు చల్లారు. వెండి గిన్నెలో చందనం పట్టుకొచ్చారు. నాకు మల్లెపూలు. చేతులకి చందనం రాసుకుని లోపలంతా తిరిగాం. ఎముకలు ఉడికించే పెద్ద అండా పక్కన ఫోటో తీశారు. ఆవు వీపు మీద వేసినట్టు దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వాసనేమైనా వస్తోందా అని చైర్మన్ నన్నే అడిగాడు. గట్టిగా పీల్చి, చందనం తప్ప ఏమీ లేదన్నాను. అందరూ నవ్వారు. ఆడవాళ్ళ ముక్కు మీద అప్పీలు లేదన్నాడు చైర్మన్. నిజం చెప్పొద్దూ, పొంగిపోయాను.

ఆగస్టు 6

కమిటీ రిపోర్టు వెళ్ళింది. అందులో మొదటి వాక్యం నా మాటే.

ఆగస్టు 14, పొద్దున మిల్లు సంగు, అదే సైరను, ఊదాక

మా పెరడు ఊడ్చే ఆరోగ్యమేరి ఆ లైను ఇళ్ళలోనే ఉంటుంది. వాళ్ళింట్లోనూ మాట్లాడేది తెలుగే. అది మన తెలుగు కాదంటుంది మా అత్త. నాకైతే తేడా ఎప్పుడూ వినపడలేదు.

ఈరోజు అత్త ఆమెని దొడ్డి గుమ్మం దగ్గరే ఆపేసింది. పీనుగు కంపు కొడుతున్నావు, లోపలికి రావద్దంది. ఆరోగ్యమేరి నావైపు చూసింది. జుట్టింకా తడిగానే ఉంది.

"తలకి కూడా పోసుకొనే వొచ్చినాను, అమ్మణీ."

కంపు వచ్చిన మాట నిజం. తొట్టీ గొట్టం ఉండగా ఇదెక్కడి కంపు అనుకున్నాను, అక్కడితో ఆగిపోయాను. అత్తకి ఎదురు చెప్పలేదు. కొన్నాళ్ళు రావద్దులే అన్నాను, ఎంతో మెత్తగా. ఆమె చీపురు గోడకి ఆనించి వెళ్ళిపోయింది.

ఆగస్టు 19

బాలసుబ్రమణియన్ ఆ ఫోటో ఫ్రేము కట్టించి పంపాడు. మా ఆయన మురిసిపోయి హాల్లో తగిలించాడు. అత్త కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసింది. ఎన్ని పెళ్ళిళ్ళకి అండాలు దింపించిన మనిషో ఆవిడ.

"ఏమే, వుడికే అండా మీద సెయ్యి పెట్టినావే, కాల్లేదా?"

ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి, వంటింట్లోకి వెళ్ళి ఊరికే నిలబడ్డాను.

కాల్లేదు. చల్లగా ఉంది. ఆరోజు అసలు పొయ్యే వెలిగించలేదు. చల్లటి ఇనుము నా చేతికి తగిలింది, నాకు తెలిసింది. అయినా ముక్కు సంగతే చెప్పాను. పూలిచ్చినవాళ్ళని పొయ్యి ఎందుకు ఆరిందని అడగడం మర్యాద కాదనుకున్నాను కాబోలు. నా మర్యాద తగలెయ్యా! సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆగస్టు 20

ఆయనకి చెప్పాను. ముందు, బాలసుబ్రమణియన్ మనకి చుట్టమన్నాడు. తర్వాత, ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకుంటే కౌన్సిల్లో ఇక నీ మాట ఎవరు వింటారన్నాడు. మొదటిది నాకు పట్టలేదు. రెండోది పట్టుకుంది.

ఆగస్టు 28

కౌన్సిల్ మీటింగ్. ఫోటో సంచిలో పెట్టుకునే వెళ్ళాను, లేచి చెప్పేద్దామని. లైసెన్సు విషయం రాగానే, సుందరవల్లి అమ్మగారే స్వయంగా వాసన చూసి చెప్పారన్నాడు చైర్మన్. అందరూ బల్లలు చరిచారు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నాడు.

ఎత్తాను. అదే చెయ్యి. సంచి ఒళ్ళోనే ఉంది.

ఆగస్టు 29

రాయడానికి మొహం లేదు.

సెప్టెంబరు 2

ఆరోగ్యమేరి ఇంటికి వెళ్ళాను. సందు మొదట్లోనే ఆ కంపు ఎదురొచ్చింది. కొంగు ముక్కుదాకా వెళ్ళింది, దించేశాను. ఆమె కోడలు నిండుచూలాలు. గోడకి చేరగిలబడి ఉంది. తిన్నది నిలవడం లేదట.

కూర్చోబెట్టి, నాకోసమని ఊదుబత్తి వెలిగించింది ఆరోగ్యమేరి. ఆర్పెయ్యమన్నాను. నేను చేసిందంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండును. కలెక్టరుకి అర్జీ పెడదాం, రేపు మా ఇంటికి రమ్మన్నాను. దొడ్డి వైపు నుంచేనా అని అడిగింది. కాదన్నాను.

సెప్టెంబరు 3

ఆరోగ్యమేరి ముందు వాకిలి నుంచే వచ్చింది. అత్త లేచి లోపలికి వెళ్ళిపోయింది. మీటింగయ్యాక మళ్ళీ తగిలించిన ఫోటో గోడ మీంచి తీసి ఆమె చేతికిచ్చాను, అర్జీకి జతచేయమని. చాలాసేపు చూసింది.

"ఇందులో మీరూ వుండారే, అమ్మణీ."

ఉన్నాను, అన్నాను.