మంత్రగత్తె ఏడ్చిన భాగం

అమ్మలూ,
అన్నం, కూర పొయ్యి మీద ఉన్నాయి, వేడి చేసుకుని తిను. నాకు ఆస్పత్రిలో డ్యూటీ, పొద్దున్నే వస్తాను. నాన్న ఊళ్లో లేరుగా, తలుపు గడియ పెట్టుకో.

నువ్వు గదిలోంచి రాలేదని నిన్న తోడేళ్ల సీరియల్ నేనొక్కదాన్నే చూశాను. అందులో పిల్లని పెంచిన మంత్రగత్తె దాని కన్నతల్లి కాదట. ఆ గుట్టు బయటపడగానే పిల్ల తోడేళ్ల గుంపుతో వెళ్లిపోయింది. "మంత్రగత్తె ఎలా ఏడుస్తోందో చూడవే" అంటూ పక్కకి తిరిగితే సోఫాలో ఎవరూ లేరు.

మొన్న ఫోన్లో నీ స్నేహితురాలితో "ఆవిడ మా అమ్మేం కాదు, నాన్న రెండో పెళ్లాం" అంటుంటే విన్నాను. ఉన్నమాటే అన్నావు, కోపం లేదు. ఇవాళ్టి భాగం మాత్రం చూసెయ్యకు, నేనొచ్చాక కలిసి చూద్దాం.

అన్నట్టు, పిన్నీ అన్నా పలుకుతాను, ఇదిగో అన్నా పలుకుతాను. ఏదో ఒకటి అని పిలవవే.