సునీత గొంతు జీరబోయిన ఆదివారం

1998, ఆదివారం రాత్రి. నరసాపురం.

ఇవాళ చర్చిలో నా భార్య సునీత ఒక్కతే పాడుతుంటే రెండో చరణంలో గొంతు జీరబోయింది. సంఘమంతా చూస్తుండగా ఆగి, చిన్నగా నవ్వి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. ఆరాధన అయ్యాక హార్మోనియం వాయించే శామ్యూల్ వచ్చి, "ఆగి అందుకున్న తీరు చాలా బాగుందండి" అన్నాడు ఆమెతో. నాకు ఒళ్లు మండింది. దారంతా నా అసూయ అతని మీదే అనుకున్నాను. కాదు.

పోయిన నెల ఇదే చర్చిలో నేను పాడుతూ చరణం మర్చిపోయాను. ఇంటికొచ్చి అన్నం చల్లారిందని సునీతను కసిరాను, రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఈమె మాత్రం ఇంటికి రాగానే చేపల పులుసు పొయ్యి మీద పెట్టి, హాయిగా కూనిరాగం తీస్తోంది.

ఉండబట్టలేక అడిగాను. "నీకు సిగ్గెయ్యలేదా?"

"ఎందుకెయ్యలేదండీ, చచ్చేంత వేసింది. జలుబు చేసిన గొంతు, పాపం, అదేం చేస్తుంది?"

ఎంత కుళ్లు పుట్టిందో! పాపం అనే మాట నా గురించి నేను వాడుకున్నది ప్రార్థనలో ఒప్పుకోవడానికే. జాలిగా ఒక్కసారీ అనుకోలేదు.

"మరి నేను మర్చిపోయిన రోజు?"

గరిటె ఆపి నా వైపు చూసింది. "ఆ రోజూ పాపం అనిపించిందండి. చెబుదామని దగ్గరికొస్తే కసిరారు."

"ఇప్పుడు చెప్పు" అన్నాను.

భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. మనసు తేలికపడింది. కానీ ఆ మాట తనకు తాను అంత సులువుగా చెప్పుకోగలిగే మనిషి మీద కుళ్లు మాత్రం ఇంకా పోలేదు...